పదేళ్ళు బతికే గేమింగ్ పీసీ: ఒక సాకెట్ పురాణం

మనం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నామని తెలిస్తే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నయ్యా, గేములాడ్డానికి కంప్యూటర్ కొందామనుకుంటున్నా. ఓ పదేళ్ళు మళ్ళీ మార్చక్కర్లేకుండా ఉండాలి. ఏ ప్రాసెసర్ తీసుకోమంటావ్?" మనం చేసేది జావాలో రిపోర్టులు రాయడమో, టెస్టింగో అయినా సరే, "నాకు తెలీదురా" అనడానికి మనసొప్పదు. "ఉన్నవాటిల్లోకి పైది కొనెయ్, ఎక్కువ కాలం వస్తుంది" అనేస్తాం.

చెప్పడం తేలికే. కానీ అడిగినవాడు పెట్టేది డెబ్భై వేలో, లక్షో. చాలా ఇళ్ళల్లో అది మళ్ళీ మళ్ళీ పెట్టగలిగే డబ్బు కాదు. ఈ సలహాలో పస ఉందో లేదో తేల్చుకోవడానికి ముప్ఫయ్యేళ్ళ చరిత్ర మన ముందే ఉంది. అది తిరగేస్తే నాకు అర్థమైందేంటంటే, కంప్యూటర్ ఎన్నాళ్ళు బతుకుతుందనేది ప్రాసెసర్ వేగం కన్నా, దాన్ని రేపు మార్చుకోవడానికి ఉన్న సందు మీదే ఎక్కువ ఆధారపడింది. వరసగా చూద్దాం.

మన భాషలో చెప్పాలంటే సాకెట్ అనేది ఇంటర్‌ఫేస్, ప్రాసెసర్ ఇంప్లిమెంటేషన్. ఇంటర్‌ఫేస్ మారనంత కాలం లోపలిది ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. 1995లో వచ్చిన సాకెట్ 7 అచ్చం ఇలాంటిదే. ఇంటెల్ పెంటియం, ఏఎండీ కె5, కె6, సైరిక్స్ 6ఎక్స్86... అన్నీ ఒకే బోర్డులో కూర్చునేవి. కొనేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

అందులో సైరిక్స్ కథ కాస్త చెప్పుకోవాలి. మామూలు ఆఫీసు పనుల్లో అది పెంటియంని మించిపోయేది. 133 మెగాహెర్ట్జ్‌తో నడిచే చిప్‌కి 'పీ166+' అని పేరు పెట్టి మరీ అమ్మారు. 1996లో క్వేక్ గేమ్ వచ్చింది. దాని లెక్కలన్నీ ఫ్లోటింగ్ పాయింట్‌లో ఉంటాయి. పెంటియం ఒక పక్క భాగహారం చేస్తూనే ఇంకో పక్క మామూలు లెక్కలు చేసుకోగలదు, ఆ గుణాన్ని వాడుకునేలా క్వేక్ కోడ్ రాశారు. సైరిక్స్‌లో ఆ యూనిట్ బలహీనం. అంతే, నిన్నటిదాకా వేగంగా ఉన్న ప్రాసెసర్ ఒక్క గేమ్‌తో నత్త అయిపోయింది. అది కొన్నవాళ్ళ తప్పేం లేదు. రేపటి గేమ్ దేన్ని అడుగుతుందో ఇవాళ్టి బెంచ్‌మార్కులకి తెలీదు, అంతే.

1997లో ఇంటెల్ పెంటియం 2తో స్లాట్ 1 తెచ్చి మిగతావాళ్ళని బయట పెట్టి తలుపేసింది. ఏఎండీ మాత్రం పాత సాకెట్‌నే సాగదీసి, 100 మెగాహెర్ట్జ్ బస్, ఏజీపీ స్లాట్ కలిపి 'సూపర్ సాకెట్ 7' అంది. 1998లో అలాంటి బోర్డు కొన్నవాళ్ళు ఏడాదో రెండేళ్ళో పోయాక ఇంకా వేగమైన కె6-2 తెచ్చి అందులోనే పెట్టుకున్నారు.

అదే 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. ధర 149 డాలర్లు. ఆ నెలలోనే వచ్చిన పెంటియం 2, 450 మెగాహెర్ట్జ్ ధర 669 డాలర్లు. సెలెరాన్ బస్ వేగం 66. దాన్ని 100కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, పైగా చాలా చిప్పులు నిక్షేపంగా నడిచేవి. లోపలున్న 128 కేబీ క్యాష్ చిన్నదే గానీ పూర్తి వేగంతో పనిచేసేది, పెంటియం 2 క్యాష్ సగం వేగంతోనే. గేముల్లో రెండూ పక్కపక్కనే ఉండేవి. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, అది 100 మెగాహెర్ట్జ్ బస్ ఉన్న మంచి బోర్డులోనే సాధ్యం. చవక ప్రాసెసర్‌కి మంచి మదర్‌బోర్డు కొన్నవాడు గెలిచాడు.

ఇప్పుడు దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ. 2000 నవంబరులో పెంటియం 4 దిగింది. 1.5 గిగాహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల ప్రకటనలు. సాకెట్ 423, ర్యామ్ ఏమో రాంబస్ వాళ్ళది. మామూలు ర్యామ్ కన్నా బాగా ఖరీదు, జంటగానే కొనాలి, ఖాళీ స్లాట్లలో కూడా ఉత్తి బోర్డు ముక్కలు దోపాలి. సరే, అన్నిటికన్నా పైది కదా అని కొన్నారు. 2001 ఆగస్టులో ఇంటెల్ సాకెట్ 478కి మారిపోయింది! తొమ్మిది నెలలు. 423 బోర్డుకి 2 గిగాహెర్ట్జ్ దగ్గరే దారి మూసుకుపోయింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే పెంటియం 4కి చవకైన డీడీఆర్ ర్యామ్ బోర్డులూ వచ్చేశాయి. అంత డబ్బు పోసిన ర్యామ్ ఆ బోర్డుల్లో పనికిరాదు. మూన్నాళ్ళ ముచ్చట అంటే ఇదే.

అలాగని ఏఎండీ వాళ్ళేదో ధర్మరాజులని కాదు. అథ్లాన్ 64 కోసం 2003లో సాకెట్ 754, 2004లో 939, 2006లో ఏఎం2. 939 బోర్డు కొన్నవాడికి రెండేళ్ళే మిగిలాయి. తమ గిరాకీ బాగున్నప్పుడు కంపెనీలు సాకెట్ మారుస్తాయి, వెనకబడ్డప్పుడు మారుస్తే ఉన్నవాళ్ళూ పోతారని భయపడతాయి. చాలావరకు అంతే లెక్క.

మన దగ్గర ఇంకో నమ్మకం ఉండేది. సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, "ఏఎండీ వేడెక్కుద్ది సార్, ఇంటెల్ తీసుకోండి" అనే మాట. దానికీ ఓ మూలం ఉంది. 2001 నాటి అథ్లాన్‌కి పైన హీట్‌సింక్ ఊడితే ఆపుకునే రక్షణ సరిగ్గా లేదు, కాలిపోయేది. పెంటియం 4 అయితే నెమ్మదించి బతికేది. తమాషా ఏంటంటే 2004లో ఇంటెల్ ప్రెస్కాట్ వచ్చేసరికి పొయ్యి అటు మారింది. ఆ వేడి తట్టుకోలేకే అదే ఏడాది మేలో ఇంటెల్ తన తర్వాతి చిప్ టేజాస్‌ని రద్దు చేసి, రెండు కోర్ల దారి పట్టింది. అయినా మన కౌంటర్లలో పాత మాట మాత్రం ఏళ్ళ తరబడి నడిచింది. ప్రాసెసర్ కన్నా దాని మీద పుకారుకే ఆయుష్షు ఎక్కువ :)

కోర్ల సంగతి వచ్చింది కాబట్టి 2007-08 నాటి మహా యుద్ధం చెప్పుకోవాలి. నాలుగు కోర్ల క్యూ6600 (2.4 గిగాహెర్ట్జ్) ఒక పక్క, రెండు కోర్ల ఈ8400 (3 గిగాహెర్ట్జ్) ఇంకో పక్క. క్యూ6600 ధర 2007 జనవరిలో 851 డాలర్లు, జులైలో 266కి దిగింది. అప్పటి గేములు ఒకటి రెండు కోర్లనే వాడేవి కాబట్టి బెంచ్‌మార్కుల్లో ఈ8400దే పైచేయి. "గేములకి నాలుగు కోర్లు దండగ" అన్నారు. ఆ రోజుకి అది నిజమే. 2008 డిసెంబరులో జీటీఏ 4 పీసీకి వచ్చింది, రెండు కోర్లు ఆయాసపడ్డాయి. ఆ తర్వాత ఒక్కో ఏడాదీ నాలుగు కోర్లవైపే మొగ్గింది. మల్టీథ్రెడింగ్ రాయడం ఎంత కష్టమో మనకి తెలుసు. గేములు రాసేవాళ్ళకి అలవాటు కావడానికి టైమ్ పట్టింది, కానీ హార్డ్‌వేర్ అటే వెళ్తున్నప్పుడు కోడ్ కూడా అటే వెళ్ళక తప్పదు.

ఇక "పదేళ్ళ ప్రాసెసర్" అనగానే అందరూ చెప్పే పేరు ఇంటెల్ ఐ5-2500కె. 2011 జనవరి, 216 డాలర్లు, నాలుగు కోర్లు. ఆరేడేళ్ళు హాయిగా నడిచింది. అది గొప్ప చిప్పే, కాదనను. కానీ అంతకాలం నిలవడానికి సగం కారణం దాని బయట ఉంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఏఎండీ బుల్డోజర్ గేముల్లో తేలిపోయింది. పోటీ లేక ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్‌లలో 2017 అక్టోబరు దాకా నాలుగు కోర్ల దగ్గరే కూర్చుంది. 2013లో వచ్చిన పీఎస్4లో ఎనిమిది కోర్లున్నా అవి 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ కోర్లు, బాగా నీరసమైనవి. పెద్ద గేములు కన్సోల్‌ని లెక్కలో పెట్టుకునే తయారవుతాయి కదా, అందుకని పీసీ ప్రాసెసర్‌కి పెద్ద పరీక్షే రాలేదు. 2020 నవంబరులో పీఎస్5 వచ్చింది. ఎనిమిది జెన్ 2 కోర్లు, 16 థ్రెడ్లు, ఎస్ఎస్‌డీ. పరీక్ష పేపరే మారిపోయింది. 2500కె లాంటి మాయ మళ్ళీ జరుగుతుందని లెక్కేసుకుని కొనడం, ఒక ఏడు వాన బాగా పడిందని చెరువు తవ్వకుండా ఊరుకోవడం లాంటిది.

నిజంగా తవ్విన చెరువు ఏఎం4. 2017 మార్చిలో మొదటి రైజెన్ వచ్చినప్పుడు ఏఎండీ ఈ సాకెట్‌ని 2020 దాకా ఉంచుతామని మాటిచ్చింది. 2020 మేలో మాత్రం, కొత్త జెన్ 3 చిప్పులు కొత్త 500 సిరీస్ బోర్డుల్లోనే పనిచేస్తాయని నెమ్మదిగా జారుకోబోయింది. కొన్నవాళ్ళు గట్టిగా గొడవ చేశారు. రెండు వారాల్లోపే కంపెనీ దిగొచ్చి బీ450, ఎక్స్470 బోర్డులకీ ఇస్తామంది. 2022కి మొదటి తరం 300 సిరీస్ బోర్డులకీ ఇచ్చింది. అంటే 2017లో కొన్న మదర్‌బోర్డులో, బయోస్ అప్‌డేట్ చేసుకుని, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకోవచ్చు. 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో ఆనాటి గేములకి అత్యుత్తమమైన వాటిలో అదొకటి. బోర్డు అదే, ర్యామ్ అదే, క్యాబినెట్ అదే.

అదే 2017 జనవరిలో ఇంటెల్ జెడ్270 బోర్డుతో ఐ7-7700కె కొన్నవాళ్ళ సంగతి చూడండి. ఆ రోజుకి గేముల్లో రాజు అదే, రైజెన్ వచ్చాక కూడా చాలా గేముల్లో అదే ముందుంది. అక్టోబరుకల్లా ఆరు కోర్ల ఐ7-8700కె వచ్చింది. సాకెట్ పేరు అదే, ఎల్‌జీఏ 1151. కానీ పాత బోర్డులో పనిచెయ్యదు, జెడ్370 కొనాల్సిందే! దీనికి తోడు 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చి 7700కె ని అధికారిక జాబితాలోంచి తీసేసింది. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చిప్ చెడిపోలేదు, అరగలేదు. ఎవరో ఎక్కడో ఒక లిస్టు రాశారు, అంతే. అదే నెల వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ లేకపోతే అసలు మొదలే అవ్వదు. ఇప్పుడు వయసు నిర్ణయించేది గిగాహెర్ట్జులొక్కటే కాదు.

"అన్నిటికన్నా పైది" అనే సలహాకి చివరి దెబ్బ 2024లో తగిలింది. ఇంటెల్ 13, 14 తరాల పై స్థాయి చిప్పుల్లో వోల్టేజ్ ఎక్కువై క్రమంగా దెబ్బతింటున్నాయని తేలింది, గేములు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. కంపెనీ మైక్రోకోడ్ మార్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది. పందెంలో గెలవడానికి చివరి చుక్క దాకా పిండిన చిప్‌లో పదేళ్ళకి మిగిలే ఓపిక తక్కువ.

గ్రాఫిక్స్ కార్డులోనూ ఇదే వరస. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070 వేగమైనదే, మెమరీ 8 జీబీ. 2021లో దానికన్నా నెమ్మదైన 3060కి 12 జీబీ ఇచ్చారు. 2023కల్లా కొన్ని గేముల్లో పెద్ద సెట్టింగులు పెడితే 8 జీబీ చాలక 3070 తడబడింది, 3060 మాత్రం తన నడకలో తాను నడిచింది.

మరి ఇన్నేళ్ళూ మారకుండా ఉన్నదేంటి? ఏటీఎక్స్ కొలతలు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఆ కొలతల ప్రకారం చేసిన మదర్‌బోర్డులే ఇవాళ్టికీ వస్తున్నాయి. మంచి క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు మూడు ప్రాసెసర్లని సాగనంపుతాయి. కానీ మనవాళ్ళు డబ్బు తగ్గించుకునేది సరిగ్గా అక్కడే! క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలనుకుంటారు. 2000ల మొదట్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, కారి ప్రపంచమంతా వేలాది మదర్‌బోర్డులు చచ్చాయి. ప్రాసెసర్లు మాత్రం బానే ఉన్నాయి. ఓల్టేజీ ఎగిరిపడే చోట, మే నెల ఎండల్లో, దుమ్ములో బతకాల్సిన మన కంప్యూటర్లకి ఈ పాఠం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఏతావాతా ఈసారి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. కన్సోల్‌లో ఎన్ని కోర్లున్నాయో అన్ని కోర్లు తీసుకో, ఇవాళ్టికి ఎనిమిది. అంతకు పైన పెట్టే డబ్బు ఆపు. సాకెట్ పుట్టి ఎన్నాళ్ళయింది, ఇంకెన్నాళ్ళు ఉంచుతామన్నారు, ఇది వేగం కన్నా ముందు చూడు. ఏఎం5ని 2022లో తెచ్చిన ఏఎండీ, 2027 దాకా, ఆపైనా ఉంచుతామని 2024లో చెప్పింది. మాటిచ్చి జారబోయిన చరిత్ర ఉంది కాబట్టి నమ్మకం అంతవరకే పెట్టుకో. ర్యామ్‌కి రెండు స్లాట్లు ఖాళీగా ఉండే బోర్డు కొను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో అందరం చూశాం. అలాంటప్పుడు ఉన్నది ఉంచుకుని ఇంకోటి కలుపుకోగలగడమే లాభం. మిగిలిన డబ్బుతో మంచి ఎస్‌ఎంపీఎస్, ఓ యూపీఎస్ తీసుకో. ఇంకా మిగిలితే దాచుకో, నాలుగేళ్ళ తర్వాత అదే సాకెట్‌లోకి వచ్చే ప్రాసెసర్‌కి పనికొస్తుంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఏడాది తిరక్కుండానే వచ్చే రంగం ఇది. ఇందులో పదేళ్ళ కంప్యూటర్‌ని ఒకేసారి కొనలేం. రెండు మూడు విడతల్లో కొంటాం. మొదటి విడత కొనేటప్పుడే రెండో విడతకి చోటుంచుకున్నవాళ్ళకే ఆ పదేళ్ళూ దక్కాయి.