బలపం లేని పలక

"మావాడు ఇంజనీరింగులో చేరుతున్నాడు, ట్యాబ్ కొనాలా, లాప్‌టాప్ కొనాలా?" సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి ఏ పెళ్ళికెళ్ళినా బంధువులు నన్నడిగే ప్రశ్న ఇది. ర్యామ్ గురించో బ్యాటరీ గురించో చెప్తాననుకుంటారు. నాకేమో ఈ రెండిటి చరిత్ర చెప్పాలనిపిస్తుంది. (పంక్తిలో కూర్చుని చరిత్ర చెప్తే ఎవరూ వినరు, అందుకే ఇక్కడ.) ఎందుకంటే జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

అసలు మొదట్లో ఈ రెండూ ఒకటే ఊహ. 1972లో జెరాక్స్ వాళ్ళ పార్క్ పరిశోధనశాలలో పనిచేస్తున్న అలన్ కే అనే ఆయన "డైనాబుక్" గురించి ఒక పేపరు రాశాడు. నోటుపుస్తకమంత సైజు, నాలుగు పౌండ్ల లోపు బరువు, 500 డాలర్ల ధర. బొమ్మలో తెర కింద కీబోర్డు. ఎవరికయ్యా అంటే, పిల్లలకి! సీమోర్ పాపర్ట్ చిన్నపిల్లల చేత లోగో భాషలో ప్రోగ్రాములు రాయించడం చూశాక బలపడిన ఆలోచన అది. పిల్లలు చూస్తూ కూర్చోవడం కాదు, సొంతంగా ఏదో ఒకటి తయారు చెయ్యాలి అన్నది ఆయన పట్టుదల. అయితే అలాంటిది తయారుచేసే టెక్నాలజీ అప్పటికింకా లేదు.

తర్వాత దారులు చీలిపోయాయి. ఒక దారి ఆఫీసుల వైపు పోయింది. 1981లో వచ్చిన ఆస్బోర్న్-1 బరువు 11 కేజీలు, తెర 5 అంగుళాలు, పైగా గోడకున్న ప్లగ్గులో పెడితేగానీ పనిచెయ్యదు. 1982లో గ్రిడ్ కంపాస్ వచ్చింది. మడతపెట్టే ఇప్పటి లాప్‌టాప్ రూపం దానిదే. ధర 8,000 డాలర్ల పైమాటే. అంత పెట్టి కొనేదెవరు? పెద్ద కంపెనీలు, ప్రభుత్వం. నాసా దాన్ని స్పేస్ షటిల్లో అంతరిక్షానికి కూడా పంపింది. అంటే లాప్‌టాప్ పుట్టిందే ఉద్యోగం కోసం, ప్రయాణం కోసం అన్నమాట. బడి ఊసే లేదు.

రెండో దారి పెన్ను వైపు. 1989లో గ్రిడ్‌ప్యాడ్, 1993లో యాపిల్ న్యూటన్, 2002లో మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ పీసీ. అయిదేళ్ళలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే పీసీ ఇదేనని బిల్ గేట్స్ 2001లోనే జోస్యం చెప్పాడు. అది ఫలించలేదు. న్యూటన్ అయితే చేతిరాత అర్థం చేసుకోలేక నవ్వులపాలై 1998లో ఆగిపోయింది. బలపం ఉంది గానీ, ఆ రాతలు పలకకి అర్థం కాలేదు.

2010లో ఐప్యాడ్ వచ్చింది. 680 గ్రాములు, 499 డాలర్లు. కే అనుకున్న ధర కంటే ఒక్క డాలరు తక్కువ! స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద సోఫాలో కూర్చుని మరీ చూపించాడు. పెన్నూ లేదు, కీబోర్డూ విడిగా కొనుక్కోవాల్సిందే. అదే ఏడాది ఏప్రిల్లో, పిల్లలు స్క్రాచ్‌లో రాసుకున్న ప్రోగ్రాములు నడిపే ఒక ఆప్‌ని యాపిల్ తన స్టోరులోంచి తీసేసింది. తమాషా ఏంటంటే, అప్పటి స్క్రాచ్‌ని తయారుచేసింది కే బృందం సృష్టించిన స్క్వీక్‌లోనే.

ఇక బడి సంగతి. 2011లో మన కేంద్రప్రభుత్వం "ఆకాశ్" ట్యాబ్ విడుదల చేసింది. 2,276 రూపాయలకి కొన్న ఆ ట్యాబ్‌ని బిగించింది హైదరాబాదులోనే. 256 ఎంబీ ర్యామ్‌తో ఎన్నాళ్ళని లాగుతుంది పాపం! 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, వీడియో పాఠాలు ఎక్కించి. పాఠం వినడానికి అవి బాగానే ఉంటాయి, కాదనను. కానీ అమెరికాలో మెయిన్ రాష్ట్రం అనుభవం చూడండి. 2002లోనే ఏడో తరగతి పిల్లలకి లాప్‌టాప్‌లిచ్చిన రాష్ట్రమది. తర్వాత చాలా బడులు ఐప్యాడ్లకి మారాయి. 2016లో అడిగి చూస్తే టీచర్లలోనూ పిల్లల్లోనూ ఎక్కువమంది లాప్‌టాపే కావాలన్నారు. ఐప్యాడ్ ఆటలకెళ్ళిపోతోంది, వ్యాసం రాయాలన్నా కోడ్ రాయాలన్నా కీబోర్డు ఉండాలి అని.

2012లో సర్ఫేస్, 2015లో ఐప్యాడ్ ప్రో కీబోర్డు కవర్లు తగిలించుకుని వచ్చాయి. తిరిగి తిరిగి 1972 నాటి బొమ్మ దగ్గరికే చేరామన్నమాట. కాకపోతే ఆ కీబోర్డుకి విడిగా డబ్బులు కట్టాలి, అంతే తేడా.

అందుకే నా లెక్క ఇది. రైల్లో పుస్తకం చదువుకోవడానికి, నాన్నగారు పేపరు చూడ్డానికి, పాఠాలు వినడానికి ట్యాబ్ హాయి. కానీ ఇంట్లో ఒక్కటే కొనగలిగితే, అదీ చదువుకునే పిల్లల కోసమైతే, సెకండ్ హ్యాండ్‌దైనా సరే లాప్‌టాపే కొనండి. మనవాళ్ళు అక్షరాభ్యాసం రోజున పలకతో పాటు బలపం కూడా చేతిలో పెడతారు. ఉత్త పలకని చూస్తూ కూర్చుంటే ఎవరికైనా అక్షరాలొస్తాయా చెప్పండి?