ఓటమి భయం

ఓటమి భయం అనగా ఒక పనిలో విఫలమవుతామేమోనన్న ఆందోళన వలన ఆ పనిని ప్రారంభించకపోవడం, వాయిదా వేయడం లేదా మధ్యలో విడిచిపెట్టడం. దీనినే అపజయ భయం అని కూడా అంటారు. తీవ్రరూపం దాల్చిన ఈ భయానికి గ్రీకు మూలం గల అటికిఫోబియా అనే పేరు వాడుకలో ఉన్నది. కొద్దిపాటి భయం అందరిలోను సహజం. అది సన్నద్ధతకు తోడ్పడుతుంది. ప్రయత్నాన్నే ఆపివేసినపుడు మాత్రమే అది హానికరమవుతుంది.

లక్షణాలు

గుండెదడ, నిద్రలేమి, చదివినది గుర్తుకు రాకపోవడం వంటివి పైకి కనిపించే లక్షణాలు. మరికొన్ని సులభంగా గుర్తించలేనివి. పరీక్షకు ముందు కావాలని చదవకుండా ఉండి, తప్పితే "చదవలేదు కాబట్టి తప్పాను" అని చెప్పుకొనుట ఇందులో ఒకటి. ఈ విధంగా తనకు తానే అడ్డంకి కల్పించుకొనే ప్రవర్తనను 1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

కారణాలు

అమెరికా మనస్తత్వవేత్త జాన్ అట్కిన్సన్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, గెలుపు కోరిక బలంగా ఉన్నవారు మధ్యస్థమైన కష్టం గల పనులను ఎన్నుకొంటారు. ఓటమి భయం బలంగా ఉన్నవారు మిక్కిలి తేలికైన వాటిని గాని, అసాధ్యమైన వాటిని గాని ఎన్నుకొంటారు. తేలికైన పనిలో ఓటమి ఉండదు. అసాధ్యమైన పనిలో ఓడినా ఎవరూ నిందించరు.

మార్కులను బట్టి మనిషి విలువ కట్టడం, తోటివారితో పోల్చడం, బంధువుల ముందు తలవంపులన్న భావన ఈ భయాన్ని పెంచుతాయి. చాలామందిని బాధించేది ఓటమికన్న, దానిని నలుగురూ చూస్తారన్న సిగ్గు.

భయము, జాగ్రత్త

ఈ రెంటికి తేడా కలదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతమైన ఉదయగిరి వైపు, ఒక బోరు ఎండిపోయిన రైతు అప్పు చేసి రెండవ బోరు వేయడానికి వెనుకాడితే దానిని పిరికితనం అనరాదు. అది లెక్క. ఆత్మకూరులో ఒక విద్యార్థి తాను చదవగలిగిన కోర్సుకు దరఖాస్తు కూడా పెట్టకపోతే అది భయం. నష్టాన్ని అంచనా వేసిన తరువాత వెనుకకు తగ్గుట జాగ్రత్త. అంచనా వేయకుండానే తగ్గుట భయం.

ఉదయగిరి ఉదాహరణ

విజయనగర రాజు సాళువ నరసింహరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతులకు కోల్పోయాడు. తాను పట్టుకోలేకపోయిన మూడు కోటలలో ఒకటిగా దానిని తన మరణశాసనంలో పేర్కొన్నాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. తాను సాధించలేని దానిని దాచిపెట్టక, తరువాతి వారికి పనిగా అప్పగించడం ఇక్కడ గమనించదగినది. శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో ఈ దుర్గాన్ని సాధించాడు. ఆ కాలమంతా కొండరాళ్ళను పగులగొట్టి, సైన్యం నడవడానికి దారులు వేయించాడని న్యూనిజ్ కథనం.

అధిగమించే మార్గాలు

* పనిని చిన్న భాగాలుగా విభజించి, ఏ రోజు భాగాన్ని ఆ రోజు పూర్తిచేయాలి.
* ఓడిపోతే నిజంగా ఏమి జరుగునో కాగితంపై వ్రాయాలి. మనసులో తిరిగే భయానికి హద్దు ఉండదు, వ్రాసినదానికి ఉంటుంది.
* "నాకు రాదు" అనుటకు బదులు "ఇంకా రాలేదు" అనుట అలవరచుకోవాలి. సామర్థ్యం సాధనతో పెరుగుతుందన్న ఈ దృక్పథాన్ని కేరోల్ డ్వెక్ 2006లో వెలువరించిన 'మైండ్‌సెట్' గ్రంథంలో వివరించారు.
* భయపెట్టే పనిని తప్పించుకొనక, కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి. తప్పించుకొన్న ప్రతిసారి భయం బలపడుతుంది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల పాత్ర

ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి, ఇంటర్మీడియట్ తప్పినవారు అదే సంవత్సరం సప్లిమెంటరీ పరీక్షలు వ్రాయవచ్చును. ఈ సంగతిని ఫలితాలు వెలువడక ముందే పిల్లలకు చెప్పడం అవసరం. ఫలితాల దినాన తప్పిన విద్యార్థిని ఒంటరిగా విడువరాదు. ఆనాడు మందలింపు తగదు. చనిపోవాలన్న మాట వినిపిస్తే దానిని బెదిరింపుగా కొట్టివేయక, వెంటనే సహాయం పొందాలి. 2022లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా, రాత్రింబవళ్ళు, తెలుగులో కూడా లభిస్తుంది.