తనఖా పత్రము – మధ్యవర్తి మాట

మనము తనఖా అనుదానిని ఇక్కడి మరాఠీవారు గహాణ అందురు. ఊరు మారి, వీధి భాష మారినను, ఇల్లు తాకట్టు పెట్టవలసిన అవసరము మాత్రము మన వెంటనే వచ్చినది. మగ్గము పని వెదకుకొనుచు షోలాపూరు చేరిన మన పెద్దలలో మరాఠీ చదువరానివారు అనేకులు. నాటి అప్పు పత్రములు మోడి లిపిలో నుండెడివి. గనుక షావుకారుకును వీరికిని నడుమ మధ్యవర్తి యొకడు తప్పనిసరి యయ్యెను.

పత్రము చదువలేనివానికి కలుగు కీడు ఈ దక్కనులో పాతదే. 1875 మే 12న పూనా జిల్లా సూపా గ్రామములో రైతులు షావుకార్లపై తిరుగబడి అప్పు పత్రములను తగులబెట్టిరి. ఆ అల్లరి అహమదునగరు జిల్లాకును ప్రాకెను. ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, 1879లో దక్కను రైతుల ఋణ విమోచన చట్టమును చేసెను. అది మన షోలాపూరు జిల్లాకును వర్తించెను. దాని ప్రకారము రైతు పత్రమును గ్రామ రిజిస్ట్రారు ఎదుట వ్రాయించవలెను. చెల్లించిన సొమ్మునకు రసీదు, లెక్క, పాసు పుస్తకము ఇయ్యవలెను. కాని ఆ రక్షణ సేద్యముపై బ్రతుకువారికే. మగ్గముపై బ్రతుకు మనవారికి లేకపోయెను.

మా యింటిని ముంచినది ముదత్ ఖరేది, అనగా గడువులోపల పైకము తిరిగి ఇచ్చినచో ఇల్లు తిరిగి ఇచ్చెదనను షరతుపై జరుగు అమ్మకము. 1962లో మా తాతగారు కుమార్తె పెండ్లికై ఒక మధ్యవర్తిని నమ్మి అమ్మకపు పత్రముపై వ్రేలిముద్ర వేసిరి. "రెండేళ్ళలో డబ్బిచ్చెయ్యి మామా, ఇల్లు మళ్ళీ నీదే" అని ఆతడు నోటితో చెప్పెను. కాగితములో ఆ మాట లేదు. అట్టి షరతు అమ్మకపు పత్రములోనే లేనిచో దానిని తనఖాగా ఎంచరాదని 1929లోనే ఆస్తి బదిలీ చట్టమును సవరించియుండిరి. పైకము మూటగట్టుకొని పోయిననాడు గాని తాతగారికి ఆ సంగతి తెలియలేదు. ఆ యింటి ముందరి వేపచెట్టు నేటికిని ఉన్నది. మేము అద్దెయింట పెరిగితిమి.

నాకు రైల్వేలో గుమాస్తా పని దొరికి, బ్యాంకు అప్పుతో చిన్న ఇల్లు కొనదలచినప్పుడు, పేటలోని ఏజెంటు ఒకడు ఖాళీ ఫారములు ముందుంచెను. "సంతకాలు పెట్టన్నా, మిగతాది నేను చూసుకుంటా" అనెను. తాతగారు జ్ఞప్తికి వచ్చి లేచి వచ్చితిని.

అటుపిమ్మట మా పేటలో అప్పు తీర్చి పత్రములు తిరిగి పుచ్చుకొన్న నలుగురిని విచారించితిని. అప్పు క్రొత్తగా దొరికినవాడు ఏజెంటును పొగడుచునే యుండును. తీరినవానికే నిజము తెలియును. వారు చూపిన మనిషి, తన కమీషను బ్యాంకువారే ఇచ్చెదరని మొదటనే చెప్పెను. ప్రతి కాగితమునకు నకలు ఇచ్చెను. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఇండెక్సు-2 వెదకించి, ఇంటిపై పాత గహాణ ఏదియు లేదని వకీలుచేత వ్రాయించుకొమ్మని తానే నన్ను పంపెను. మధ్యవర్తి మంచివాడని చెప్పుటకు నాకు దొరికిన గురుతు ఇదియే: తన మాటను మనము కాగితముతో సరిచూచుకొనుటకు అతడు వెనుదీయడు.

అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో అసలు పత్రములు తిరిగి ఇయ్యవలెననియు, తమ వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లించవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులను ఆదేశించినది. అది ఆ యేడు డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ సంగతి మన వాడలలో ఇంటింటికి తెలియవలెను.

ఉగాదినాడు పంచాంగములోని ఆదాయ వ్యయములను ఎంతో శ్రద్ధగా విందుము. సంతకము పెట్టబోవు కాగితమును సైతము, మరాఠీ చదివిన మన పిల్లలచేత చదివించుకొని, అంత శ్రద్ధగానే విందము.