చలిజ్వరానికి సింకోనా బెరడు: టాల్బోర్ దాచిన మందు

రోజు విడిచి రోజు వణికిస్తూ వచ్చే చలిజ్వరం 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌నీ వదల్లేదు. మందు మాత్రం అప్పటికే ఉంది. అది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు. దాన్ని యూరప్‌కు తెచ్చింది జెసూట్ క్రైస్తవ గురువులు. చిక్కంతా అక్కడే వచ్చింది. 'జెసూట్ పొడి' అంటేనే ప్రొటెస్టెంట్లకు అనుమానం.

మందుల కొట్లో పని నేర్చుకున్న రాబర్ట్ టాల్బోర్ ఆ అనుమానాన్నే పెట్టుబడి చేసుకున్నాడు. ఆ పొడితో జాగ్రత్త అని 1672లో పుస్తకం రాశాడు. తనే ఒక రహస్య మందుతో రాజు రెండో చార్లెస్ జ్వరం తగ్గించాడు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ డబ్బిచ్చి ఆ గుట్టు కొన్నాడు. టాల్బోర్ బతికున్నన్నాళ్లూ బయటపెట్టకూడదని షరతు. 1681లో అతను చనిపోయాక చూస్తే ఏముంది, వైన్‌లో కలిపిన సింకోనా బెరడే! మా కామర్స్‌లో దీన్ని ట్రేడ్ సీక్రెట్ అంటారు. జ్వరంతో పడున్నోళ్లకు మాత్రం అది మోసమే.

బెరడు అందరికీ ఒకేలా పనిచేసేది కాదు. చెట్టు జాతిని బట్టి అందులో మందు పాలు మారేది, పైగా కల్తీ. 1820లో పెల్లెటియర్, కావెంటూ బెరడు నుంచి క్వినైన్ విడదీశాకే డోసు లెక్క కుదిరింది. ఆ జ్వరానికి కారణమైన మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది మాత్రం 1897లో, మన సికింద్రాబాద్‌లోనే.