లెజెండ్‌కు పటంలో ఏం పని?
లెజెండ్ అనగానే మనకు గొప్ప నటుడో, 2014 నాటి బాలకృష్ణ సినిమానో గుర్తొస్తుంది. అందుకే పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ‘యాడ్ లెజెండ్’ చూసిన విద్యార్థులు, పటంలో గాథలకేం పనని అడుగుతుంటారు. లాటిన్‌లో ‘లెగెరె’ అంటే చదవడం, ‘లెగెండా’ అంటే చదవవలసినవి. మధ్యయుగపు ఐరోపాలో సాధువుల పండుగనాడు చదివి వినిపించే జీవితకథలకు ఆ పేరుండేది. 13వ శతాబ్దంలో యాకోబస్ డి వొరాజినె కూర్చిన ‘లెగెండా ఆరియా’ అలాంటి కథల సంపుటే. కథల్లో అద్భుతాలు పెరిగేకొద్దీ ఆ మాట నమ్మలేని గాథకూ, గాథలకెక్కిన మనిషికీ పాకింది. నాణెం మీది రాతకూ, పటం పక్కన రంగుల వివరానికీ మాత్రం పాత అర్థమే నిలిచింది. లెక్చర్, లెసన్ ఈ లెజెండ్ మాటకు తోబుట్టువులు. గడులతో అల్లిన రాస్టర్ పటానికి ఈ రంగుల వివరమే ప్రాణం, ఎందుకంటే అందులో ప్రతి గడీ ఒట్టి అంకె. ఐరోపా అంతరిక్ష సంస్థవారి నేల వివరాల పటం వరల్డ్‌కవర్‌లో 10 అంటే చెట్లు, 40 సాగుభూమి, 50 కట్టడాలు, 80 శాశ్వత జలాశయాలు. క్యూజీఐఎస్ సింబాలజీలో ‘పాలెటెడ్’ ఎంచుకుని, క్లాసిఫై నొక్కి, ప్రతి అంకెకూ లేబుల్ రాయాలి. రాయకపోతే అచ్చులో రంగు పక్కన 40 అనే ఉంటుంది. అది సాగుభూమి అని చూసేవాడికెలా తెలుస్తుంది? లెజెండ్ కన్నా మన బడిపుస్తకాల పటాల్లోని ‘సూచిక’ అనే మాట నాకు మరింత ఇష్టం. సూచనా, సంస్కృత ‘సూచి’ నుంచి వచ్చిన మన సూదీ దాని చుట్టాలే. క్యూజీఐఎస్‌లో లెజెండ్ శీర్షిక గడి మొదట ఖాళీగానే ఉంటుంది. తెలుగు పటాలు చేసేవారు అక్కడ ‘సూచిక’ అనే రాయాలి.