సముద్రానికి దూరంగా ఢిల్లీ

ఢిల్లీ చరిత్ర అనగానే మన వైపు సుల్తానులతో మొదలుపెట్టి పార్లమెంటు దాకా వస్తారు. ఇక్కడ స్థిరపడ్డాక నాకు తెలిసిందేమిటంటే, ఈ ఊరి చరిత్ర ఒంటబట్టాలంటే ముందు ఇక్కడి ఎండ, చలి, నీళ్ల సంగతి తెలియాలి. నేనుండే ధౌలా కువాన్‌కు ఆ పేరు ఒక తెల్ల బావి వల్ల వచ్చింది. మొఘల్ చక్రవర్తి షా ఆలం కాలం నాటి బావి అని చెబుతారు. ఇప్పుడా పేరు వింటే ఊరివాళ్లకు ఫ్లైఓవర్లూ ఎయిర్‌పోర్టు దారీ గుర్తొస్తాయి. మనవాళ్లకైతే తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర కళాశాల గుర్తొస్తుంది. పక్కనున్న మెట్రో స్టేషన్‌కు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు.

నాది బందరు వైపు. మాకు మే నెలలో ఎంత ఉక్కపోసినా సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుంది. చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, అంతే. సముద్రం తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లారదు. ఆ నెమ్మది తీరానికీ వస్తుంది. ఢిల్లీకి ఆ అండ లేదు. ఏ సముద్రమైనా వందల కిలోమీటర్ల దూరం. పడమట థార్ ఎడారి, ఉత్తరాన హిమాలయాలు. అందుకే సఫ్దర్‌జంగ్‌లోని వాతావరణ కేంద్రంలో 1935 జనవరిలో సున్నాకు దిగువన 0.6 డిగ్రీలు నమోదైతే, 1944 మే నెలలో 47.2 డిగ్రీలు నమోదైంది. పదేళ్లు తిరక్కుండా ఒకే చోట రెండు కొసలూ చూశారు.

ఎడారి వైపు నుంచి వచ్చే వడగాలిని ఇక్కడ ‘లూ’ అంటారు. మేలో ఉతికిన చీర దండెం మీద వేసి లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి కరకరలాడుతుంది. కూలర్ గడ్డి మీద నీళ్లు కారుతుంటే గది నిజంగానే చల్లబడుతుంది, ఎందుకంటే పొడిగాలి ఆ తడిని ఇట్టే పీల్చుకుంటుంది. జూన్ చివర్లో ఋతుపవనాలు వచ్చాక అదే కూలర్ పెడితే ఒళ్లు జిడ్డు తప్ప చల్లదనం ఉండదు. బందరులో కూలర్ పెద్దగా పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. ఇక జనవరిలో చొక్కా రెండు మూడు రోజులైనా ఆరదు, పొగమంచు పట్టి విమానాలు ఆగిపోతాయి.

అయినా ఈ ఊళ్లో కురిసే వానకు మనతో చుట్టరికం ఉంది. బంగాళాఖాతంలో ఏర్పడి ఒడిశా, శ్రీకాకుళం తీరాలు దాటిన అల్పపీడనాలు వాయవ్యంగా కదులుతూ ఉత్తరాది మైదానాలను తడుపుతాయి. సెప్టెంబరు చివరికి ఋతుపవనాలు ఢిల్లీ వదిలిపెడతాయి. నెల్లూరుకు అసలు వానాకాలం ఆ తర్వాతే, అక్టోబరు నుంచి. దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో. అదే నవంబరులో ఢిల్లీ ఆకాశం పొడిగా ఉంటుంది. చలికాలంలో ఇక్కడ పడే నాలుగు చినుకులూ ఎక్కడో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బులవి. వాటి మీదే పంజాబు, హర్యానా గోధుమ రైతులు ఆశపెట్టుకుంటారు.

మూడు నెలల వానను ఏడాదంతా దాచుకోవాలి కాబట్టి, ఇక్కడి పాలకులు కోటలతో పాటు నీళ్ల కోసమూ తవ్వించారు. పదమూడో శతాబ్దంలో కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు కట్టించిన రోజుల్లోనే సుల్తాను ఇల్తుత్మిష్ ఇక్కడ హౌజ్-ఎ-షమ్సీ అనే చెరువు తవ్వించాడు. అల్లాఉద్దీన్ ఖిల్జీ తవ్వించిన హౌజ్ ఖాస్ పూడిపోతే ఫిరోజ్ షా తుగ్లక్ పూడిక తీయించాడు. మన చెరువు పొలం కోసం, ఇక్కడి హౌజు ముఖ్యంగా నగరం దాహం కోసం. నేల అడుగున నీరు దిగేకొద్దీ మెట్లు దింపుకుంటూ వెళ్లినవే బావలీలు. ఆ మెట్ల మీద నడివేసవిలో కూర్చుంటే పైన ఊరు కాలుతున్న సంగతే తెలియదు.

ఇంగ్లీషువాళ్లు మాత్రం ఎండను తప్పించుకున్నారు. 1864 నుంచి కలకత్తాలోని ప్రభుత్వం వేసవికి సిమ్లా వెళ్లేది. 1911లో రాజధాని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాక కూడా ఆ వలస ఆగలేదు. వాళ్లు చేసిన మేలొకటి చెప్పాలి. తుపానులూ కరువులూ చూశాక 1875లో వాతావరణ శాఖను పెట్టారు. మరుసటి ఏడే రాయలసీమను ధాత కరువు ఊడ్చేసింది. ఋతుపవనాలను ముందే పసిగట్టాలన్న పట్టుదల ఆ చావుల నుంచే గట్టిపడింది. ఆ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ వానల గుట్టు కోసం గణాంకాలు వెతుకుతూ పసిఫిక్ మహాసముద్రం మీది గాలి ఒత్తిడి దాకా వెళ్లాడు. ఈనాటి ఎల్‌నినో లెక్కలకు అది పునాది. 1944లో ఆ శాఖ కేంద్ర కార్యాలయం ఢిల్లీకి వచ్చింది.

ఇంత చరిత్ర ఉన్న ఊరు 2024 మే, జూన్ నెలల్లో ట్యాంకర్ల వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తింది. జూన్ 28న సఫ్దర్‌జంగ్‌లో ఒక్కరోజులో 228.1 మిల్లీమీటర్ల వాన పడింది. మామూలుగా ఏడాది మొత్తంలో పడే వానలో నాలుగో వంతుకు పైగా అది. రోడ్లు మునిగాయి, నీళ్లు యమునలోకి పోయాయి. నిలబెట్టుకునేందుకు పాత హౌజులూ బావులూ చాలావరకు లేవు, వాటి మీద ఇళ్లున్నాయి. నాకు ఇది చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే హైదరాబాదు చుట్టుపక్కల చెరువులకు కూడా ఇదే గతి పడుతోంది.

అనంతపురానికి పడే వాన ఢిల్లీ కంటే తక్కువ. అక్కడ మిగిలిన ప్రతి చెరువూ ప్రాణంతో సమానం. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు మీ ఊరి చెరువు విస్తీర్ణం రికార్డులో ఎంతుందో, నేల మీద ఎంత మిగిలిందో అడగండి. కట్ట లోపల ప్లాటు చవకగా వస్తోందని ఎవరైనా అంటే కొనకండి.