ఇరవై ఆరు ప్రశ్నలు, తొమ్మిది బొమ్మలు

ఒకప్పుడు తెలుగునాట కుంచం, మానిక, శేరు వంటి కొలతలు ప్రాంతానికొక తీరుగా ఉండేవి. ఒక సంతలో నాలుగు మానికలైన ధాన్యం మరో సంతలో అంతకు తక్కువో ఎక్కువో తేలేది. కొలిచేవాడు మోసగాడు కానక్కరలేదు, మానికే వేరు. ధాన్యం విషయంలో ఈ తేడాను పసిగట్టడం సులభం. రెండు మానికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మనిషికి తన దేహం పట్ల ఉండే అసంతృప్తినీ, తిండి పట్ల ఉండే భయాన్నీ కొలవవలసి వచ్చినప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. కెనడాలో తయారైన ఒక ప్రశ్నావళి కైరోకు, ఉత్తర భారతానికి, ఫిజీకి ప్రయాణించినప్పుడు ఏం జరిగిందన్నది ఈ కారణం చేతనే తెలుసుకోదగిన చరిత్ర.

కొలతకు ముందు

ఆహారాన్ని నిరాకరించి కృశించిపోయే యువతుల గురించి 1873లో ఇద్దరు వైద్యులు వేర్వేరుగా వివరించారు. పారిస్‌లో షార్ల్ లసేగ్, లండన్‌లో విలియం గల్. 'అనొరెక్సియా నెర్వోసా' అన్న పేరు గల్ పెట్టినదే. ఆ ఇద్దరి వర్ణనల్లోనూ ఒక విశేషం ఉంది: లావైపోతామన్న భయం వాటిలో రోగానికి కేంద్రంగా కనిపించదు. ఆ రోగులు తినరు, తినలేమంటారు, తమకేమీ జబ్బు లేదంటారు. అంతే.

దేహచిత్రం, అంటే మనిషి తన దేహాన్ని మనసులో ఊహించుకునే తీరు, ఒక శాస్త్రీయ విషయంగా నిలబడటానికి పాల్ షిల్డర్ 1935లో వెలువరించిన గ్రంథం తోడ్పడింది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవైద్యురాలు హిల్డె బ్రూక్, 1962లో ఈ రెండింటినీ కలిపింది. ఎముకల గూడుగా మారిన రోగి కూడా తన దేహాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూడలేకపోవడమే ఈ వ్యాధికి మూల లక్షణాల్లో ఒకటని ఆమె వాదించింది. 1979లో లండన్‌లో జెరాల్డ్ రసెల్ 'బులీమియా నెర్వోసా'ను ప్రత్యేక స్థితిగా వర్ణించినప్పుడు, లావు కావడం పట్ల రోగికి ఉండే తీవ్రమైన భయాన్ని దాని నిర్వచనంలోనే చేర్చాడు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం ప్రకటించిన రోగనిర్ధారణ గ్రంథపు మూడవ కూర్పులో అనొరెక్సియాకు కూడా ఈ భయం తప్పనిసరి లక్షణమయింది. నూరేళ్ళ కిందట వైద్యులు పెద్దగా పట్టించుకోని ఒక భావం ఈ విధంగా వ్యాధికి గుర్తుగా మారింది.

రెండు సాధనాలు

కొలత సాధనాలు పుట్టింది సరిగ్గా ఈ కాలంలోనే. టొరంటోలో డేవిడ్ గార్నర్, పాల్ గార్ఫింకెల్ 1979లో నలభై ప్రశ్నలతో 'ఈటింగ్ ఆటిట్యూడ్స్ టెస్ట్' తయారుచేశారు. 1982లో అది ఇరవై ఆరు ప్రశ్నలకు కుదిరింది. 'ఈట్-26' అని ప్రసిద్ధమయింది ఈ రూపమే. ప్రతి ప్రశ్నకూ 'ఎల్లప్పుడూ' నుండి 'ఎన్నడూ లేదు' వరకు ఆరు జవాబులుంటాయి. మొదటి మూడింటికి వరుసగా 3, 2, 1 చొప్పున వేసి, మిగిలిన మూడింటికీ సున్నా వేస్తారు. చివరి ప్రశ్నకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. మొత్తం 20కి చేరితే ఆ మనిషిని నిపుణులు పిలిచి మాట్లాడవలసి ఉంటుందని అర్థం. ఇది జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదని దాన్ని తయారుచేసినవారే స్పష్టంగా చెప్పారు. తరువాతి కాలంలో చాలామంది ఈ హెచ్చరికను మరిచారు.

రెండవ సాధనం బొమ్మలది. ఆల్బర్ట్ స్టంకర్డ్, తన డెన్మార్క్ సహచరులతో కలిసి 1983లో తొమ్మిది దేహాకృతుల వరుసను ప్రకటించాడు. ఒక కొసన అతి సన్నని మనిషి, మరో కొసన స్థూలకాయం. ఊబకాయం వంశపారంపర్యంగా వస్తుందా అన్న పరిశోధనలో భాగంగా, దత్తత వెళ్ళినవారి చేత తల్లిదండ్రుల ఆకారాన్ని చెప్పించడానికి గీసిన బొమ్మలవి. రెండేళ్ళకే వాటికి మరో ఉపయోగం దొరికింది. 1985లో ఎప్రిల్ ఫాలన్, పాల్ రోజిన్ అమెరికన్ కాలేజీ విద్యార్థులకు ఆ బొమ్మలు చూపించి, మీరిప్పుడు ఏ బొమ్మలా ఉన్నారు, ఏ బొమ్మలా ఉండాలనుకుంటున్నారు అని అడిగారు. అబ్బాయిల విషయంలో ఈ రెండు జవాబులూ దాదాపు ఒకటే. అమ్మాయిలు మాత్రం తామున్న దానికంటే సన్నని బొమ్మను కోరుకున్నారు. ఆ రెండు బొమ్మల మధ్య దూరమే 'దేహ అసంతృప్తి'కి కొలమానమయింది. ఇందులో భాష అవసరం పెద్దగా లేదు కనుక ఏ దేశానికైనా తీసుకువెళ్ళవచ్చని తోచింది. అయితే ఆ బొమ్మల ముఖాలూ, జుట్టూ, దేహపు తీరూ పాశ్చాత్యులవే.

ప్రయాణాలు

ఈజిప్టుకు చెందిన మనోవైద్యురాలు మెర్వత్ నాసర్ 1986లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రయాణాలలో తొలినాటిది. లండన్‌లో చదువుతున్న అరబ్ విద్యార్థినులనూ, కైరోలో చదువుతున్న విద్యార్థినులనూ ఆమె నలభై ప్రశ్నల రూపంతో పోల్చింది. లండన్‌లో 22 శాతం మంది, కైరోలో 12 శాతం మంది హద్దు దాటారు. ముఖాముఖి మాట్లాడినప్పుడు లండన్ బృందంలో ఆరుగురికి బులీమియా ఉన్నట్టు తేలింది. కైరోలో ఒక్కరికీ లేదు. పాశ్చాత్య సమాజంలోకి వెళ్ళడమే కారణమన్న నిర్ణయానికి రావడం ఇక్కడ సులభం.

బ్రాడ్‌ఫర్డ్ ఆ నిర్ణయాన్ని చిక్కుపరిచింది. 1988లో డేవిడ్ మమ్‌ఫర్డ్, ఆండ్రూ వైట్‌హౌస్ ఆ ఊరి పాఠశాలల్లో చదివే బాలికలను పరీక్షించారు. దక్షిణాసియా కుటుంబాల బాలికల్లో 3.4 శాతం మందికీ, తెల్లజాతి బాలికల్లో 0.6 శాతం మందికీ బులీమియా ఉన్నట్టు గుర్తించారు. తరువాతి విశ్లేషణలో మరొక సంగతి బయటపడింది. ప్రశ్నావళిలో ఎక్కువ స్కోరు వచ్చింది ఇంగ్లీషు పద్ధతులకు అలవాటుపడిన ఇళ్ళ పిల్లలకు కాదు. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఇళ్ళ పిల్లలకు. బడిలో ఒక లోకం, ఇంట్లో ఒక లోకం, రెండింటి మధ్య నలిగే వయసు. పత్రికల్లోని సన్నని బొమ్మలను అనుకరించడం అన్న ఒక్క కారణంతో ఈ ఫలితాన్ని వివరించలేము.

ఆ మరుసటి ఏడు, 1989లో, మైఖేల్ కింగ్, దినేశ్ భుగ్రా ఉత్తర భారతంలోని పాఠశాల బాలికల మీద ఈట్-26 ఫలితాలను ప్రకటించారు. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ మంది హద్దు దాటారు. ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే అప్పటి పాశ్చాత్య నగరాలను మించిన సంక్షోభం అక్కడ ఉన్నట్టు లెక్క. పరిశోధకులు అలా నమ్మలేదు. ఒక్కొక్క ప్రశ్ననూ విడదీసి చూస్తే, కొన్నింటిని బాలికలు వేరే అర్థంలో తీసుకున్నారనీ, మరికొన్నింటికి వారిచ్చిన జవాబులు ఆ సంస్కృతిలో మంచి నడవడిగా ఎంచేవేననీ వారు గ్రహించారు.

ఇది ఎలా సాధ్యమో తెలుగు ఇంటి నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆకలి వేసినా తినకుండా ఉండగలగడం, కడుపు ఖాళీగా ఉండటం బాగుందనిపించడం, తిండి ముందు నిగ్రహం చూపడం, ఇతరుల కంటే నిదానంగా భోంచేయడం, అన్నాన్ని చిన్న చిన్న భాగాలు చేసుకోవడం, ఇంకా తినమని ఇంటివారు బలవంతపెట్టడం, నువ్వు చిక్కిపోయావని నలుగురూ అనడం: ఈ ఏడు సంగతులూ ఈట్-26లో ఉన్నాయి. ఏకాదశులూ, కార్తీక సోమవారాలూ నియమంగా ఉపవాసం ఉండే మనిషికీ, విస్తరి ముందు కూర్చుంటే మారు వడ్డించకుండా వదలని అత్తయ్యలున్న ఇంటి పిల్లకూ వీటిలో చాలావరకు నిత్యజీవితమే. ఏడింటికీ 'ఎల్లప్పుడూ' అని గుర్తు పెడితే స్కోరు 21. లావు గురించి ఒక్క ఆలోచన కూడా లేకుండానే హద్దు దాటిపోవచ్చు.

అనువాదం ఈ చిక్కును తీర్చదు. ఒక భాషలోకి మార్చిన ప్రశ్నను మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూడటం 1970 నాటి రిచర్డ్ బ్రిస్లిన్ వ్యాసం తరువాత పరిశోధకులకు ఆనవాయితీ అయింది. ఆ పరీక్షలో 'ఉపవాసం' అన్న మాట సులభంగా నెగ్గుతుంది. దాని వెనుక ఉన్న పుణ్యం, మొక్కు, ఇంటి గౌరవం తిరుగు అనువాదంలో కనబడవు. 'పథ్యం' జబ్బుమనిషి పాటించేది. సన్నబడటం కోసం తిండి తగ్గించడానికి తెలుగులో నిలిచిన మాట 'డైటింగ్' అన్న అరువు మాటే. 'ఒళ్ళు చేశావు' అన్నది మెచ్చుకోలో వెక్కిరింతో, అన్నవారి గొంతును బట్టి తెలియాలి.

మాట దాటిన మౌనం

కొలత తప్పడం ఒక వైపే జరగదు. లేని జబ్బును చూపే సాధనం ఉన్న జబ్బును దాచనూ గలదు. హాంకాంగ్‌లో సింగ్ లీ, అతని సహచరులు 1993లో 70 మంది చైనీయ రోగుల వివరాలు ప్రకటించారు. అందరూ ప్రమాదకరంగా కృశించినవారే. వారిలో 41 మంది లావవుతామన్న భయం తమకు లేదన్నారు. కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ, తినాలనిపించడం లేదనీ చెప్పారు. గల్, లసేగ్ రాసిన పాత వర్ణనలకు ఇవి దగ్గరగా ఉన్నాయి. సన్నదనం మీద మోజును కొలిచే పాశ్చాత్య ప్రశ్నావళులలో ఇటువంటి రోగులకు తక్కువ స్కోరు వస్తుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి జల్లెడలోంచి జారిపోతుంది. తరువాతి రెండు దశాబ్దాలలో హాంకాంగ్ ఆస్పత్రికి వచ్చేవారిలో లావు భయం చెప్పేవారి వాటా పెరిగింది. వ్యాధి వేసుకునే వేషం కూడా కాలంతో మారుతుంది. 2013లో అమెరికన్ గ్రంథపు ఐదవ కూర్పు తన నిర్వచనాన్ని సడలించింది: భయాన్ని నోటితో ఒప్పుకోకపోయినా, బరువు పెరగకుండా అడ్డుపడే ప్రవర్తన నిరంతరం కనిపిస్తే చాలని చేర్చింది.

మద్రాసులో టి.ఎన్. శ్రీనివాసన్, అతని సహచరులు మరో దారి తొక్కారు. దిగుమతి చేసుకున్న ప్రశ్నావళికి మరమ్మతులు చేయడం కంటే, స్థానిక యువతీయువకుల్లో కనిపించే తిండి సంబంధమైన బాధను ముందు వర్ణించి, దానికి తగిన ప్రశ్నలను తామే తయారుచేసి 1998లో ప్రకటించారు.

దక్షిణాఫ్రికాలో పేదరికం ఇంకో పాఠం చెప్పింది. డానియెల్ లె గ్రాంజ్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో, పేద నల్లజాతి పిల్లల్లో ఎక్కువ స్కోరు వచ్చినవారితో మాట్లాడి చూస్తే, చాలా జవాబుల వెనుక ఉన్నది ఆహార కొరత. ఎప్పుడూ తిండి ఆలోచనే అన్న పిల్లకు వ్యాధి ఉండనక్కరలేదు. ఇంట్లో తిండి లేకపోవచ్చు.

ఫిజీ

ఈ చరిత్రలో అందరికంటే ఎక్కువగా ఉదహరించబడినది ఆన్ బెకర్ ఫిజీ పరిశోధన. నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకు ఒకసారి, 1998లో మరొకసారి బెకర్ బృందం ఉన్నత పాఠశాల బాలికలను పరీక్షించింది. ఈట్-26లో 20 దాటినవారు 12.7 శాతం నుండి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటామన్నవారు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ళ తరువాత 11.3 శాతం. నిండైన దేహాన్ని బంధువర్గపు ఆదరణకు గుర్తుగా భావించే సమాజమది.

ఈ అంకెలను ఉటంకించేవారు కొన్ని సంగతులు వదిలేస్తుంటారు. రెండుసార్లూ పరీక్షించింది ఒకే బాలికలను కాదు. ఒక్కొక్కసారి అరవై పైచిలుకు వేర్వేరు బాలికలను. వారందరూ స్థానిక ఫిజీ జాతివారు. 1903 నుండి మద్రాసు ఓడల్లో వెళ్ళిన తెలుగు, తమిళ కూలీల సంతతి ఈ లెక్కలో లేదు. అన్నిటికంటే ముఖ్యం, బెకర్ అంకెలతో ఆగిపోలేదు. అంతకు ముందే ఏళ్ళ తరబడి ఆ సమాజాన్ని అధ్యయనం చేసి 1995లో పుస్తకం వెలువరించిన మానవ శాస్త్రవేత్త ఆమె. బాలికలతో మాట్లాడినప్పుడు, తెరమీది స్త్రీలలా సన్నగా ఉంటే ఉద్యోగాలు దొరుకుతాయని, కొత్త కాలంలో నెగ్గుకు రాగలమని వారు చెప్పారు. దేహం మీది కోరికలో బతుకుతెరువు ఆశ కలిసి ఉందన్న సంగతి ప్రశ్నావళి చెప్పలేకపోయింది, సంభాషణ చెప్పింది.

2010లో వీరేన్ స్వామి, అనేకమంది సహచరులతో కలిసి 26 దేశాల్లో 7,434 మందికి దేహాకృతుల బొమ్మలు చూపించిన ఫలితాలు వెలువడ్డాయి. సన్నదనం మీద కోరిక పాశ్చాత్య దేశాలకే పరిమితం కాదనీ, సంపన్నమైన పట్టణ ప్రాంతాలన్నింటిలో దాదాపు ఒకేలా ఉందనీ, పేద గ్రామాల్లోనే తేడా కనిపిస్తోందనీ తేలింది. 'పడమర, తూర్పు' అన్న పాత గీత కంటే 'కలిమి, లేమి' అన్న గీత ఎక్కువ వివరించింది.

అంకె తరువాత

ఇంతకీ ఈ సాధనాలను పారేయాలా? పారేస్తే బ్రాడ్‌ఫర్డ్ బాలికల బాధ ఎవరికీ తెలిసేది కాదు. ఒకే ప్రశ్న రెండు సమాజాల్లో ఒకే భావాన్ని కొలుస్తోందా అని గణాంక పద్ధతులతో ముందు నిరూపించి, ఆ తరువాతే సగటులను పోల్చాలన్న నియమం ఈనాటి పరిశోధనల్లో బలపడింది. మానికలను పక్కపక్కన పెట్టి చూడటమే ఇది.

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ చర్చ దూరపు సంగతి కాదు. అమ్మమ్మ చేయించిన శనివారం ఉపవాసం బడి వైద్యుల కాగితం మీద వ్యాధి లక్షణంగా నమోదు కావచ్చు. దానికి విరుద్ధంగా, నిజంగా కృశించిపోతున్న పిల్ల అదే ఉపవాసం చాటున తిండి మానేస్తుంటే, ఇంట్లో అందరూ భక్తి అని మురిసిపోవచ్చు. మొదటి పొరపాటు వల్ల ఒక కుటుంబం నొచ్చుకుంటుంది. రెండవ దాని వల్ల ప్రాణం పోవచ్చు. 20 అన్న అంకెకు ఈ రెంటినీ వేరుచేసే శక్తి లేదు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు తినడం లేదని ఆమెకు తెలిసిన మాటల్లో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినేవారికే ఆ శక్తి ఉంది.